రెండణాల కూలి, సొంత ఇల్లు

కిందటి సంక్రాంతికి మా ఊరు వచ్చిన కుర్రాడొకడు నన్నొక ప్రశ్న అడిగాడు. అయిదో తరగతి దాకా నా దగ్గరే చదివాడు. తరవాత ఆశ్రమ పాఠశాలలో పది పూర్తి చేసి, మూడేళ్ళుగా హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. "మాస్టారూ, ఇలా కూలికి పోయి కూడబెడితే ఎన్నేళ్ళకు ఇల్లు కట్టుకోగలనంటారు?" అన్నాడు.

ఇద్దరం అరుగు మీద కూర్చుని లెక్క వేశాం. రోజుకు ఏడు వందలు. నెలలో ఇరవై రోజులు పని దొరికితే పద్నాలుగు వేలు. పడక బిల్డింగు పక్కనే రేకుల షెడ్డులో కాబట్టి అద్దె లేదు. తిండి, ఫోను, రానుపోను ఛార్జీలు, ఇంటికి పంపేది తీసేస్తే నెలకు రెండు మూడు వేలు మిగులుతుంది. వానలు పడగానే దుక్కి పనికి ఊరు రావాలి, ఆ రెండు నెలలూ కూలి ఉండదు. తల్లిని పట్నం ఆసుపత్రిలో చేర్చిన ఏడాది మిగిలింది ఏమీ లేదు, పైగా మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. ఇంతా చేసి వాడు పని చేస్తున్నది పదకొండు అంతస్తుల భవనంలో. ఎన్నో కుటుంబాలకు ఇళ్ళు కడుతున్నాడు.

లెక్క తేలలేదు. వాడు వెళ్ళిపోయాక నాకు ఒక సంగతి తోచింది. ఈ లెక్క మన మన్యంలో కొత్తది కాదు. వందేళ్ళకు పైగా మన వాళ్ళు వేస్తున్నదే. అంతకుముందు మాత్రం ఈ లెక్క లేదు. అది ఎప్పుడు, ఎందుకు మొదలైందో మన పిల్లలకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

చిన్నప్పుడు మా పెద్దవాళ్ళ నోట "ఇల్లు కొన్నారు" అన్న మాట నేను వినలేదు. "ఇల్లు వేశారు", "ఇల్లు కట్టారు" అనేవారు. ఇల్లు వేయాలంటే ముందు అడవికి వెళ్ళి నిట్రాడుకు తగిన కర్ర చూసుకునేవారు. దూలాలు, వాసాలు, తడకలకు వెదురు, కట్టడానికి అడ్డతీగ నార, పైన కప్పడానికి గడ్డి, గోడకు ఎర్రమట్టి. ఒక రోజు ఊరంతటినీ సాయానికి పిలిచేవారు. మగవాళ్ళు కర్ర ఎత్తితే ఆడవాళ్ళు మట్టి తొక్కి గోడ మెత్తి అలికేవారు. ఇంటివాళ్ళు చోడి అంబలి, సామల అన్నం, జీలుగు కల్లు పెట్టేవారు. ఆ సాయం ఉచితం కాదు. రేపు వాళ్ళింటి పనికి వీళ్ళు వెళ్ళాలి. పుస్తకం లేకపోయినా ఎవరు ఎవరింటికి ఎన్ని రోజులు వెళ్ళారో అందరికీ గుర్తుండేది.

ఆ ఇల్లు గొప్పదని నేను చెప్పడం లేదు. గడ్డి రెండు మూడేళ్ళకు మార్చాలి. ఒక ఇంటికి నిప్పంటుకుంటే గాలివాటున వరస అంతా పోయేది. నేను చెప్పేది ఒక్కటే. ఆ ఇంటికి కావలసినవి నాలుగు: జాగా, కర్ర, గడ్డీ మట్టీ, మనుషులు. ఈ నాలుగింటిలో ఏదీ రూపాయలతో కొనేది కాదు. అందుకే "ఎన్నాళ్ళు కూడబెడితే ఇల్లు వస్తుంది" అన్న ప్రశ్న మా ముత్తాతకు రాలేదు.

మొదట చేతిలోంచి పోయింది కర్ర. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందే, 1879లో, రంప ప్రాంతంలో మన వాళ్ళు తిరగబడ్డారు. మున్సబుదారు దోపిడీ, కల్లు గీతపై పన్ను, మైదానపు వర్తకుల అప్పులు, కోర్టు దావాలు దానికి కారణాలు. ఆ ఫితూరీ అణగిపోయాక అటవీ చట్టం కూడా కొండెక్కింది. అడవిలో గీతలు గీసి రిజర్వు అన్నారు. పోడుకు అడ్డు పెట్టారు. నిన్నటి దాకా ఇంటికి తెచ్చుకున్న దూలం ఇవాళ సర్కారు సొత్తయింది. దానికి పర్మిట్ కావాలి, రుసుము కావాలి, గార్డుకు మామూలు కావాలి. పాఠ్యపుస్తకాల్లో ఈ చట్టాన్ని పోడు గురించే చెబుతారు. ఇంటి గురించి చెప్పరు. ఇంటికి కావలసిన నాలుగింటిలో ఒకదానికి డబ్బు అవసరం పడింది ఆ చట్టంతోనే. డబ్బు కావాలంటే కూలికి పోవాలి.

మరి కూలి ఎంత ఇచ్చారు? దీనికి మన చరిత్రలో ఒక స్పష్టమైన లెక్క ఉంది. 1920ల మొదట్లో నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి మీదుగా మన్యంలోకి ఘాట్ రోడ్డు వేశారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన వాళ్ళను ఆ పనికి తోలుకుపోయాడు. ఆరణాలు ఇవ్వవలసిన కూలికి రెండణాలే చేతిలో పెట్టాడని చరిత్రకారులు రాశారు. రాళ్ళు కొట్టి రోడ్డు వేసిన వాళ్ళలో ఎదురు తిరిగిన వాళ్ళకు దెబ్బలు.

పిల్లల చేత ఈ లెక్క చేయించండి. అప్పుడు రూపాయికి పదహారణాలు. నెలకు ఇరవై అయిదు రోజుల పని అనుకుంటే ఆరణాల చొప్పున తొమ్మిది రూపాయల ఆరణాలు రావాలి. రెండణాల చొప్పున వచ్చేది మూడు రూపాయల రెండణాలు. నెలకు ఆరు రూపాయల నాలుగణాలు మధ్యలో మాయమైంది. మన వాళ్ళకు దాచుకోవడం తెలియదని, వచ్చింది వచ్చినట్టు కల్లుకే పోస్తారని దొరల కాలం నుంచి అంటున్నారు. ఇప్పటికీ స్టాఫ్‌రూముల్లో ఆ మాట వినపడుతుంది. మూడు రూపాయల రెండణాల్లోంచి ఎంత దాచాలో అలా అన్నవాళ్ళెవరూ చెప్పలేదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి ఆయుధాలు పట్టుకుపోయింది. ఆ దళంలో గాం గంటం దొర, మల్లు దొర లాంటి మన వాళ్ళు ఉన్నారు. రెండేళ్ళ ఆ పోరాటాన్ని దేశభక్తి పాఠంగా చెబుతాం. చెప్పాలి. దాని వెనక ఎగ్గొట్టిన కూలి కూడా ఉందని చెప్పడం మాత్రం మరిచిపోతాం. మన పిల్లలు సినిమాలో చూసేది విల్లు, బాణం. నేను రోడ్డు కూలి కూడా చెప్పిన రోజున ఒక పిల్ల లేచి, మా నాన్నకూ మేస్త్రి నాలుగు వేలు ఇవ్వాలి సార్ అంది.

కూలి సరిగా అందకపోతే అప్పు. అప్పు తీరకపోతే మనిషే తాకట్టు. దీన్నే మన వైపు, అవతల కోరాపుట్ వైపు గోతి అనేవారు. పెళ్ళికో పండక్కో శిస్తుకో తీసుకున్న చిన్న మొత్తానికి అప్పిచ్చినవాడి పొలంలో ఏళ్ళ తరబడి పని చేయాలి. ఆ పని వడ్డీకే సరిపోతుంది. అసలు అలాగే ఉంటుంది. తండ్రి చనిపోతే కొడుకు మీదికి వస్తుంది. మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీ అప్పు వెట్టి రద్దుకు రెగ్యులేషన్ తెచ్చింది. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించారు. అయినా 1976లో మళ్ళీ వెట్టిచాకిరీ రద్దు చట్టం చేయవలసి వచ్చింది. ఒకే దురాచారాన్ని మూడుసార్లు రద్దు చేశారంటే మొదటి రెండుసార్లు కొండ మీద ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. గోతి ఉన్న ఇంట్లో పొదుపు అన్న మాటే పుట్టదు. చేతికి కూలే రాదు కదా.

కర్ర, కూలి సంగతి ఇది. ఇక మిగిలింది జాగా. దీనికి మన గోదావరి అవతల, ఆదిలాబాదు గోండు, కొలాం సోదరుల చరిత్ర చూడాలి. అక్కడ నిజాం ప్రభుత్వపు అటవీ సిబ్బంది రిజర్వు పేరుతో ఊళ్ళు ఖాళీ చేయించారు. బాబేఝరిలో గుడిసెలకు నిప్పు పెట్టారు. కాల్చిన ఇంటిని మళ్ళీ కట్టడం, మళ్ళీ కాల్చడం. కుమ్రం భీం జోడేఘాట్‌లో నిలబడింది ఆ ఇళ్ళ కోసం, ఆ పోడు కోసం. 1940లో ఆయన్ను చంపారు. ఆ తరవాత నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపి కారణం తెలుసుకోమంది. ఆయన చెప్పింది చాలా మామూలు మాట: వీళ్ళకు భూమి మీద కాగితం లేదు. 1940లు ముగిసేలోగా ఒక్క ఆదిలాబాదు జిల్లాలోనే సుమారు లక్షా అరవై వేల ఎకరాలకు ఆదివాసుల పేర పట్టాలు ఇచ్చారు. (మార్లవాయిలో 1943లో ఆయన గోండు యువకులకు టీచరు శిక్షణ కూడా మొదలుపెట్టించాడు. మన టీచర్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు.) పట్టా ఉన్న ఊళ్ళో ఇల్లు కాల్చడానికి ఎవరూ అంత సులువుగా రాలేరు. కూలి పెంచడం కంటే ముందు ఆ కాగితం ఇంటిని నిలబెట్టింది.

స్వతంత్రం వచ్చాక మన కోసం వచ్చిన ఏర్పాట్లలో చాలావరకు ఈ గాయాలకు మందులే. 1956లో విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ పెట్టారు. చింతపండు, తేనె, పిక్కలకు సావుకారు చెప్పినంతే ధర అన్న పరిస్థితి పోవడానికి అది. 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్. ఆ తరవాత అందరికీ తెలిసిన 1/70. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనులకు లేదా గిరిజనులే సభ్యులైన సహకార సంఘానికి తప్ప ఎవరు అమ్మినా చెల్లదని 1970లో ఖాయమైంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. 1/70 వల్లే మనకు ఇంటి అప్పు రాదు, ఆ చట్టం తీసేస్తే బ్యాంకులు క్యూ కడతాయి అని మన యువకులకు కొందరు చెబుతున్నారు. నమ్మేవాళ్ళూ ఉన్నారు. బ్యాంకుకు తాకట్టు పెట్టుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. అప్పు తీర్చకపోతే ఆ ఆస్తిని మళ్ళీ గిరిజనులకే అమ్మాలి, అంతే. బ్యాంకు వెనకాడేది అక్కడే. కొనేవాడు తక్కువ, ధర తక్కువ. మరి ఆ అడ్డు తీసేస్తే ఏమవుతుంది? మొదటి కిస్తీ తప్పిన రోజున జాగా కొండ దిగిపోతుంది. ఇంటి అప్పు కోసం ఇంటి జాగాను పణం పెట్టమనడం నాకు గోతినే గుర్తు చేస్తుంది.

నా సంగతే చెబుతాను, ఎందుకంటే నేను పొదుపరినని మా ఊళ్ళో పేరు. నేను డాబా కట్టింది ఉద్యోగం వచ్చిన తొమ్మిదో ఏట. బ్యాంకు అప్పు ఇచ్చింది నా జీతం స్లిప్పు చూసి, నా జాగా చూసి కాదు. మా నాన్న నాకంటే ఎక్కువ కష్టపడ్డాడు, నాకంటే తక్కువ ఖర్చు పెట్టాడు. ఆయన గడ్డి ఇంట్లోనే పోయాడు. మా ఇద్దరికీ తేడా పొదుపులో లేదు. నా జీతం ఒకటో తారీఖున వస్తుంది, ఆయన కూలి వస్తే వచ్చినట్టు.

సర్కారు ఇళ్ళు మన కొండలకు వచ్చింది 1980లలోనే ఎక్కువ. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985-86లో ఇందిరా ఆవాస్ మొదలైంది. మన ఊళ్ళలో వాటిని ఇప్పటికీ కాలనీ ఇళ్ళు అంటారు. అవి వచ్చాకనే చాలామంది పక్కా గోడ చూశారు. అది చిన్న మేలు కాదు. కానీ అటక లేదు. మొక్కజొన్న కంకులు, విత్తనాలు పొగ తగిలేలా వేలాడదీయడానికి చోటు లేదు. మేకలకు చోటు లేదు. చాలామంది కాలనీ ఇంట్లో బస్తాలు పెట్టుకుని, పక్కన తడకల పాక వేసుకుని అందులో పడుకున్నారు. అది చూసి ఇచ్చినా ఉండటం చేతకాదని నవ్విన అధికారులు ఉన్నారు.

ఇప్పుడు పథకాలు పెరిగాయి, మొత్తాలు పెరిగాయి. 2016 నుంచి ప్రధానమంత్రి ఆవాస్ కింద కొండ ప్రాంతాలకు లక్షా ముప్పై వేలు. 2023 నవంబరులో ప్రకటించిన పీఎం జన్‌మన్‌లో కొండరెడ్డి, చెంచు, కొలాం, పోర్జ, గదబ వంటి ఆదిమ తెగల ఇంటికి రెండు లక్షలు. తెలంగాణలో 2024 మార్చిలో భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో సొంత జాగా ఉన్నవారికి అయిదు లక్షలు. వినడానికి బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఈ డబ్బు పని అయ్యాక దఫాలుగా వస్తుంది. పునాది వేసి ఫొటో తీస్తే ఒక బిల్లు, గోడ లేస్తే ఇంకొకటి, కప్పు పడితే ఇంకొకటి. పునాదికి ముందు సిమెంటు, ఇసుక, ఇనుము ఎవరు కొనాలి? రోడ్డు లేని ఊరికి గుర్రం మీదో భుజం మీదో బస్తా ఎక్కించే ఖర్చు ఎవరిది? కూలివాడు ముందు తన చేతి డబ్బు పెట్టాలి. లేకపోతే అప్పు చేయాలి. బిల్లు ఆలస్యమైతే ఆ అప్పుకు వడ్డీ. మీ మండలంలో గోడల దగ్గర ఆగిపోయిన ఇళ్ళు లెక్కపెట్టి చూడండి. ఆ ఇళ్ళవాళ్ళలో చాలామంది వలస పోయి ఉంటారు.

ఉపాధి హామీ కూలి 2024-25లో మన రెండు రాష్ట్రాల్లోనూ రోజుకు మూడు వందలు. వంద రోజులూ పూర్తిగా దొరికినా ముప్పై వేలు. పదిహేను రోజుల్లో చెల్లించాలని చట్టం చెబుతుంది. ఆలస్యమైతే పరిహారం ఉంది కానీ అది రోజుకు వందకు అయిదు పైసలు. ముప్పై వేలల్లో ఏడాదంతా తిని ఎంత దాచగలరో మళ్ళీ ఆ రెండణాల లెక్కే.

అయితే ఈ చరిత్రలో మనకు తిరిగి వచ్చినవి కొన్ని ఉన్నాయి. వాటిని మనం వాడుకోవడం లేదు. 2006 అటవీ హక్కుల చట్టంలో మొట్టమొదటి హక్కుగా రాసింది అడవి భూమిలో నివాసానికి, సాగుకు హక్కు. సాగు అని చదివి నివాసం అన్న మాట వదిలేస్తున్నాం. మా పంచాయతీలో దరఖాస్తులన్నీ పోడుకే పెట్టారు, ఇల్లున్న జాగాకు పెట్టినవాళ్ళు ఇద్దరే. 2005 డిసెంబరు 13 నాటికి అక్కడ ఉన్నవాళ్ళు అడగవచ్చు. ఇంకో మాట. ఆ చట్టంలో చిన్నతరహా అటవీ ఫలసాయంలో వెదురును కూడా చేర్చారు. 1882లో కొండ మీద నుంచి పోయిన కర్రలో కొంత భాగం, నూట ఇరవై నాలుగేళ్ళ తరవాత కాగితం మీద వెనక్కి వచ్చింది. గ్రామసభలు అడిగితేనే అది కాగితం మీద నుంచి దిగుతుంది.

పట్నంలో కట్టుబడి పనికి పోయే పిల్లలకు ఇంకొకటి చెప్పాలి. ఏడాదిలో తొంభై రోజులు ఆ పని చేసిన పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ళ లోపువాళ్ళు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. మనం కట్టే ప్రతి పెద్ద భవనం ఖర్చు మీద ఆ బోర్డుకు సెస్సు వసూలవుతుంది. పని జరిగే చోట కూలీలకు తాత్కాలిక వసతి యజమానే ఉచితంగా ఇవ్వాలని కూడా 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టంలో ఉండేది. రేకుల షెడ్డు దయ కాదు. మా ఊరి నుంచి వెళ్ళిన పదిహేడు మందిని అడిగాను. కార్డు ఉన్నవాడు ఒక్కడు. మిగతా వాళ్ళు మేస్త్రి వద్దన్నాడు అన్నారు.

ఆ కుర్రాడు మళ్ళీ ఇటుకల పండక్కి వచ్చాడు. మూడేళ్ళ కూలిలో మిగిలిన డబ్బుతో ఏం కొన్నావురా అంటే ఇంటికి తీసుకెళ్ళి చూపించాడు. రెండు ద్వారబంధాలు, నాలుగు కిటికీలు. పాత గడ్డి ఇంటి చూరు కింద, వాన తగలకుండా గోనె పట్టా కప్పి గోడకు ఆనించి ఉన్నాయి. వాళ్ళమ్మ వాటికి పసుపు కూడా రాసింది. ఇల్లు మంజూరైందా అని అడిగాను. జాబితాలో పేరుంది, జాగా కాగితం తెమ్మన్నారు అన్నాడు. మర్నాడు ఇద్దరం గ్రామసభ తీర్మానం కోసం సర్పంచి ఇంటికి వెళ్ళాం.